రొమ్ము క్యాన్సర్, కణం చుట్టూ ముదిరే అల్లిక: ఒక ఆలోచన చరిత్ర

శరీరంలోని ఏ అవయవమూ ఉత్త కణాల కుప్ప కాదు. కణాల నడుమా, అడుగునా ఒక అల్లిక పరుచుకుని ఉంటుంది. దాన్ని తయారుచేసి బయటికి వదిలేది కణాలే. ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని ఎక్స్‌ట్రాసెల్యులర్ మ్యాట్రిక్స్ అంటాయి. తెలుగులో కణబాహ్య మాత్రిక, క్లుప్తంగా మాత్రిక. కొల్లాజెన్ పోగులు దీనికి బలాన్నిస్తాయి, ఎలాస్టిన్ సాగే గుణాన్నిస్తుంది, హయలురోనిక్ ఆమ్లం నీటిని పట్టి ఉంచుతుంది. ఫైబ్రోనెక్టిన్, లామినిన్ అనే ప్రోటీన్లు కణాలకు పట్టు దొరికే చోట్లు. రొమ్ములో పాలనాళాలకు లోపలి పొరగా ఉండే ఉపకళా కణాల వరుస ఆధార త్వచం అనే పల్చటి మాత్రిక పొరను ఆనుకుని ఉంటుంది. దానికి వెలుపల కొల్లాజెన్ అల్లిక, ఆపైన కొవ్వు ఉంటాయి.

రొమ్ము క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ ఆ ఉపకళా కణాల్లోనే మొదలవుతుంది. వయసు పెరిగేకొద్దీ అది వచ్చే అవకాశమూ పెరుగుతుంది. కణాల జన్యువుల్లో ఏళ్ల తరబడి పోగుపడే ఉత్పరివర్తనాలే దీనికి కారణమని వైద్యశాస్త్రం చాలాకాలం చెప్పింది. అందులో నిజం ఉంది, కానీ మొత్తం నిజం అందులో లేదు. కణంతో పాటు అది ఆనుకున్న మాత్రిక కూడా ముదురుతుంది. ముదిరిన మాత్రిక తన మీద ఉన్న కణాల నడతను మారుస్తుంది. ఈ సంగతి ప్రయోగశాలలో తేలడానికి నూట ముప్పై ఏళ్లు పట్టింది. వేర్వేరు చోట్ల, ఒకరి పని ఒకరికి తెలియకుండా సాగిన పరిశోధనలు కలిస్తేనే అది సాధ్యమైంది.

విత్తనం, నేల

లండన్ శస్త్రవైద్యుడు స్టీఫెన్ పాజెట్ 1889లో 'లాన్సెట్' పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది శవపరీక్షల వివరాలు సేకరించి, జబ్బు ఏయే అవయవాలకు పాకిందో లెక్కగట్టారు. రక్తంలో కొట్టుకుపోయే క్యాన్సర్ కణాలు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ కొత్త కణితి లేస్తుందని అప్పట్లో చాలామంది నమ్మేవారు. అదే నిజమైతే రక్తం దండిగా అందే అవయవాలన్నిటికీ జబ్బు ఇంచుమించు ఒకే తీరున పాకాలి. పాజెట్ లెక్కలో కాలేయానికి పాకిన కేసులు 241 ఉండగా, ప్లీహానికి పాకినవి 17 మాత్రమే. విత్తనాలు అన్ని వైపులకూ ఎగిరిపోయినా తగిన నేలలో పడ్డవే మొలుస్తాయని, క్యాన్సర్ కణాల తీరూ అంతేనని ఆయన వాదించారు. అందరూ విత్తనాన్నే పరిశీలిస్తున్నారు గానీ నేల గుణాలను పట్టించుకోవడం లేదన్నది ఆయన ఫిర్యాదు.

ఆ ఫిర్యాదు చాలాకాలం అరణ్యరోదనమే అయింది. అదే కాలంలో అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ రొమ్మును, దాని కింది ఛాతీ కండరాలను, చంకలోని లింఫ్ గ్రంథులను కలిపి తీసేసే పెద్ద ఆపరేషన్‌కు ప్రాచుర్యం తెచ్చారు. జబ్బు ఉన్నచోటి నుంచి పక్కకు పాకుతుంది కాబట్టి వీలైనంత కోసి తీసేయాలన్నది దాని వెనక ఉన్న ఆలోచన. 1914లో జర్మన్ జీవశాస్త్రవేత్త థియోడోర్ బొవేరి క్యాన్సర్‌కు మూలం క్రోమోజోముల్లోని తేడాలేనని ప్రతిపాదించారు. 1928లో అమెరికా వ్యాధినిపుణుడు జేమ్స్ యూయింగ్, కణితులు ఏ అవయవానికి పాకాలో రక్తప్రవాహమార్గమే నిర్ణయిస్తుందని వాదించి పాజెట్ మాటను పక్కకు నెట్టారు. సూక్ష్మదర్శిని కింద కణితి చుట్టూ కనిపించే కొల్లాజెన్ అల్లికను కణాలకు ఆసరాగా ఉండే పూరక పదార్థంగానే చూశారు. విత్తనం, నేల వాదానికి మళ్లీ బలం రావడానికి 1980లో ఐజయా ఫిడ్లర్, ఇయాన్ హార్ట్ చిట్టెలుకల మీద చేసిన ప్రయోగాల దాకా ఆగాల్సి వచ్చింది.

వయసు గీతలో వంపు

వయసుకూ క్యాన్సర్‌కూ ఉన్న లంకెను అంకెల్లో పెట్టినవారు బ్రిటన్‌కు చెందిన పీటర్ ఆర్మిటేజ్, రిచర్డ్ డాల్. పెద్ద వయసులో వచ్చే చాలా క్యాన్సర్లలో మరణాల రేటు వయసుకు ఆరో ఘాతంలో పెరుగుతుందని 1954లో వారు చూపారు. అంటే వయసు రెట్టింపైతే రేటు 64 రెట్లవుతుంది. ఒక కణంలో ఒకదాని తర్వాత ఒకటిగా ఆరేడు మార్పులు జరిగితే ఇలాంటి లెక్కే వస్తుంది. వయసంటే కణంలో పోగుపడే పొరపాట్ల సంఖ్య అన్న అభిప్రాయం ఇక్కడే గట్టిపడింది.

అయితే రొమ్ము క్యాన్సర్ ఆ గీతకు లొంగలేదు. ఈ సంగతిని అంతకు ముందే, 1948లో, డెన్మార్క్ క్యాన్సర్ రిజిస్ట్రీ లెక్కల ఆధారంగా యోహానెస్ క్లెమ్మెసెన్ గుర్తించారు. జబ్బు బారినపడే వారి రేటు యవ్వనం నుంచి వేగంగా పైకి లేస్తుంది. ముట్లుడిగే వయసు దగ్గర ఆగినట్టవుతుంది. ఆ తర్వాత మళ్లీ లేస్తుంది గాని అంత వేగం ఉండదు. ఈ వంపును క్లెమ్మెసెన్ కొక్కెం అని పిలుస్తారు. 1983లో మాల్కమ్ పైక్, సహచరులు దీనికొక వివరణ ఇచ్చారు. రొమ్ము కణజాలం వయసు క్యాలెండర్ ప్రకారం నడవదు. రజస్వల అయిన నాటి నుంచి వేగంగా, తొలి కాన్పు తర్వాత నెమ్మదిగా, ముట్లుడిగాక మరింత నెమ్మదిగా నడుస్తుంది అని వారి నమూనా చెప్పింది. అవయవానికి దాని సొంత వయసు ఉంటుందన్న ఆలోచన ఇలా వచ్చింది. ఆ వయసు ఎక్కడ నమోదవుతుందన్న ప్రశ్నకు కణంలోపల అనే జవాబు ఒక్కటే అప్పట్లో వినిపించేది. కణం వెలుపల కూడా వయసు నమోదవుతుందని చూపే పని మరో రంగంలో అప్పటికే మొదలై ఉంది.

కొల్లాజెన్ ఎలా ముదురుతుంది

మన శరీరంలోని ప్రోటీన్లలో దాదాపు మూడో వంతు కొల్లాజెన్. దాని నిర్మాణాన్ని వెలికితీయడంలో మద్రాసుకు పెద్ద వాటా ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ఎక్స్-రే చిత్రాల సాయంతో కొల్లాజెన్ అణువు మూడు పేటలు కలిసిన నిర్మాణమని 1954లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. మరుసటి ఏడాది ఆ మూడు పేటలూ ఒకదానిచుట్టూ ఒకటి మెలికపడి ఉంటాయని సవరించారు. అలాంటి అణువులు పక్కపక్కన పేర్చుకుని పోగులవుతాయి. పోగులు గట్టిపడేది వాటి మధ్య ఏర్పడే అడ్డబంధాల వల్ల.

అడ్డబంధాలకూ ముసలితనానికీ సంబంధం ఉందని 1942లోనే రసాయనవేత్త జోహాన్ బ్యోర్క్‌స్టెన్ అన్నారు. చర్మకారులు పచ్చితోలును తోలుగా మార్చేటప్పుడు జరిగేది కొల్లాజెన్ అణువుల మధ్య బంధాలు కట్టడమే. బతికున్న శరీరంలో అదే పని ఏళ్ల తరబడి నెమ్మదిగా జరుగుతుందని ఆయన ఊహ. దాన్ని కొలిచి చూపినవారు స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో పనిచేసిన ఫ్రిట్జ్ వెర్జార్. 1950ల్లో ఆయన ఎలుక తోకలోని సన్నని స్నాయుబంధన పోగులను తీసి ద్రవంలో వేలాడదీసి, వేడి పెంచారు. 60 డిగ్రీల సెల్సియస్ దాటాక కొల్లాజెన్ ముడుచుకుపోతుంది. ముడుచుకోకుండా ఆపడానికి పోగు కొసకు ఎంత బరువు కట్టాలో చూశారు. పిల్ల ఎలుక పోగుకు కొద్దిపాటి బరువు సరిపోయింది. ఎలుక వయసు పెరిగేకొద్దీ కట్టాల్సిన బరువూ పెరుగుతూ పోయింది. పోగును చూసి ఎలుక వయసు అంచనా కట్టగలిగినంత క్రమంగా ఉంది ఆ పెరుగుదల.

ఈ బంధాలు రెండు దారుల్లో పడతాయని తర్వాత తేలింది. మొదటిది ఎంజైము దారి. స్వీట్ పీ అనే పూలతీగ గింజలు మేపిన ఎలుకల ఎముకలు, రక్తనాళాలు బలహీనపడటం పరిశోధకులు గమనించారు. కందిపప్పులో కల్తీ చేసే కేసరి పప్పుది అదే ప్రజాతి. కాకపోతే కేసరి పప్పులోని విషం నాడులను దెబ్బతీసి కాళ్లు పడిపోయేలా చేస్తుంది, స్వీట్ పీ గింజలోని విషం అల్లికను దెబ్బతీస్తుంది. ఆ పదార్థం బీటా-అమైనోప్రొపియోనైట్రైల్ అని 1950ల్లో గుర్తించారు. అది అడ్డుకునేది దేన్నో 1968లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో షెల్డన్ పిన్నెల్, జార్జ్ మార్టిన్ పట్టుకున్నారు. అది లైసిల్ ఆక్సిడేజ్ అనే రాగి ఎంజైము. కొల్లాజెన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని మార్చి, పక్క అణువుతో బంధం పడేలా చేసేది ఇదే. రొమ్ము క్యాన్సర్ కథలో దీని పేరు మళ్లీ వస్తుంది.

రెండోది చక్కెర దారి. చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి వేడెక్కితే గోధుమరంగు తిరుగుతాయని 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మైయార్ వర్ణించారు. రొట్టె కాలినప్పుడు ఎర్రబడేది ఈ చర్య వల్లనే. ఎంజైముల ప్రమేయం లేకుండా, శరీర ఉష్ణోగ్రతలోనే ఇలాంటి చర్య ప్రోటీన్ల మీద జరుగుతుందని 1981లో విన్సెంట్ మోనియే, ఆంథొనీ సెరామీ ప్రతిపాదించారు. త్వరగా అరిగి కొత్తవి వచ్చే ప్రోటీన్లకు దీనివల్ల పెద్ద నష్టం లేదు. కొల్లాజెన్ మాత్రం అలా కాదు. చర్మంలోని కొల్లాజెన్‌లో సగం మారడానికి సుమారు 15 ఏళ్లు, కీళ్ల మృదులాస్థిలోనైతే వందేళ్లకు పైగా పడుతుందని 2000లో నెదర్లాండ్స్ పరిశోధకులు అంచనా వేశారు. ఇంతకాలం ఉండే పదార్థం మీద చక్కెర మరకలు, వాటి బంధాలు పేరుకోక తప్పదు. మధుమేహం ఉంటే ఇంకా త్వరగా పేరుకుంటాయి.

ఈ పరిశోధన అంతా కీళ్లు, చర్మం, రక్తనాళాల కోసం సాగింది. క్యాన్సర్ పరిశోధకులకు దానితో పని పడలేదు. వాళ్ల ప్రయోగశాలల్లో మాత్రిక అన్నదే లేదు.

ప్లాస్టిక్ గిన్నె నుంచి జెల్ దాకా

శరీరం బయట కణజాలాన్ని బతికించే విద్య మొదలైంది మాత్రికలాంటి దాని మీదనే. 1907లో రాస్ హారిసన్ కప్ప పిండం నుంచి తీసిన నాడీ కణజాలాన్ని గడ్డకట్టిన లింఫ్ ద్రవంలో ఉంచి, నాడీ తంతువులు సాగడం చూశారు. క్రమంగా ఆ పద్ధతి పోయి, గాజు పాత్రలు, ఆ తర్వాత చదునైన ప్లాస్టిక్ గిన్నెలు వచ్చాయి. సూక్ష్మదర్శిని కింద చూడటానికీ, లెక్కపెట్టడానికీ, మందులు పోసి పరీక్షించడానికీ అవి సులువు. 1970ల్లో రొమ్ము క్యాన్సర్ రోగుల నుంచి తయారైన ఎంసీఎఫ్-7, ఎండీఏ-ఎంబీ-231 కణవంశాలు ఈ గిన్నెల్లోనే ప్రపంచమంతా పాకాయి. రొమ్ము కణజాలంతో పోలిస్తే ప్లాస్టిక్ ఎన్నో లక్షల రెట్లు గట్టి. శరీరంలో అంత గట్టి తలం మీద రొమ్ము కణం ఎన్నడూ బతకలేదు.

ఆ తేడా విలువ ముందుగా తెలిసింది పాల గురించి పనిచేసే వారికి. ఎలుక క్షీరగ్రంథి కణాలను ప్లాస్టిక్ మీద వేస్తే అవి పలకల్లా పరుచుకుని, పాల ప్రోటీన్లు తయారుచేయడం మరచిపోయేవి. 1977లో బర్క్‌లీలో జోఆన్ ఎమర్‌మన్, డొరొతీ పిటెల్కా ఆ కణాలను కొల్లాజెన్ జెల్ మీద పెంచారు. జెల్‌ను గిన్నె అంచుల నుంచి విడదీసి తేలనిచ్చారు. అప్పుడు జెల్ ముడుచుకుంది, కణాలు మళ్లీ నిటారుగా నిలబడ్డాయి, పాలిచ్చే గ్రంథి లక్షణాలు నిలుపుకున్నాయి. గిన్నెకు అంటుకుని బిగుతుగా ఉన్న జెల్ మీద ఆ ఫలితం రాలేదు. కొల్లాజెన్ ఉండటం ఒక్కటే చాలదని, అది మెత్తగా వంగేలా ఉండటం ముఖ్యమని ఆ ప్రయోగంలోనే కనబడింది.

ఆధార త్వచం పదార్థం దొరికిన తీరు ఇంకా ఆసక్తికరం. 1963లో రిచర్డ్ స్వార్మ్ ఎలుకల్లో ఒక కణితిని వర్ణించారు. అది మృదులాస్థి కణితి అనుకున్నారు. 1977లో జార్జ్ మార్టిన్ బృందం అది మాత్రికను, అందులోనూ ఆధార త్వచం పదార్థాన్ని, గుట్టలుగా తయారుచేస్తోందని కనిపెట్టింది. రెండేళ్ల తర్వాత అందులోంచే లామినిన్ బయటపడింది. హిండా క్లైన్‌మన్, సహచరులు ఆ కణితి సారాన్ని చల్లగా ఉంచితే ద్రవంగా, శరీర వేడికి జెల్‌గా మారేలా తయారుచేశారు. మ్యాట్రిజెల్ పేరుతో అది ప్రపంచంలోని కణ ప్రయోగశాలలన్నిటికీ చేరింది.

ఈ సాధనాలను క్యాన్సర్ ప్రశ్న వైపు తిప్పిన వ్యక్తి మీనా బిసెల్. ఇరాన్‌లో పుట్టి, అమెరికాలో చదివి, లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలలో స్థిరపడ్డ ఆమె 1982లో ఇద్దరు సహచరులతో కలిసి ఒక సైద్ధాంతిక వ్యాసం రాశారు. కణం మాత్రికను తయారుచేస్తుంది. మాత్రిక కణపు ఉపరితలం ద్వారా, లోపలి అస్థిపంజరం ద్వారా కేంద్రకం దాకా సంకేతం పంపి ఏ జన్యువు పనిచేయాలో చెబుతుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎప్పటికీ ఆగదు అన్నది దాని సారం. అప్పట్లో చాలామంది దాన్ని తేలిగ్గా తీసుకున్నారు.

రెండేళ్లకు ఆమె, డేవిడ్ డోల్‌బర్గ్ కలిసి ఒక గట్టి సాక్ష్యం చూపించారు. 1911లో పేటన్ రౌస్ కనుగొన్న వైరస్ కోళ్లలో కణితులు తెస్తుంది. దాన్ని కోడిపిల్ల పిండంలోకి ఎక్కిస్తే వైరస్ జన్యువు పిండ కణాల్లో చురుగ్గానే ఉంది, కణితి మాత్రం రాలేదు. ఆ పిండం కణాలను విడదీసి గిన్నెలో వేయగానే అవి క్యాన్సర్ కణాలుగా మారాయి. క్యాన్సర్ జన్యువు పనిచేస్తున్నా, చుట్టుపక్కల కట్టడి ఉంటే కణం అదుపులో ఉండగలదని దీనివల్ల రుజువైంది.

1992లో డెన్మార్క్‌కు చెందిన ఓలె విలియం పీటర్సన్, బిసెల్ బృందం మనిషి రొమ్ము కణాలతో పరీక్షించారు. ఆధార త్వచం జెల్‌లో మామూలు కణాలు కొన్ని విభజనల తర్వాత ఆగి, లోపల బోలుగా ఉన్న చిన్న గుండ్రని గుత్తులు కట్టాయి. క్యాన్సర్ కణాలు ఆగకుండా, ఆకారం లేని ముద్దలుగా పెరిగాయి. ప్లాస్టిక్ మీద ఆ రెంటి మధ్య తేడా పట్టడం కష్టం. 1997లో బిసెల్ ప్రయోగశాలలోనే వలెరీ వీవర్ మరో మెట్టు ఎక్కారు. కణం మాత్రికను పట్టుకునే చేతులు ఇంటిగ్రిన్లు. క్యాన్సర్ కణాల మీద బీటా-1 ఇంటిగ్రిన్‌ను ఒక యాంటీబాడీతో మూసివేస్తే, అవే కణాలు పెరగడం ఆపి చక్కటి గుత్తులుగా సర్దుకున్నాయి. వాటి జన్యుదోషాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మాత్రిక నుంచి వచ్చే సంకేతం మారితే చాలు, నడత మారింది.

గట్టిదనం ఒక సంకేతం

రొమ్ములో గడ్డను చేత్తో తడిమి గుర్తించే పద్ధతి వైద్యమంత పాతది. కణితి గట్టిగా తగులుతుంది కాబట్టే ఆ పద్ధతి పనికొస్తుంది. ఆ గట్టిదనం జబ్బు ఫలితమే అనుకునేవారు. 2005లో వీవర్ బృందం లెక్కలు తీసింది. ఎలుక మామూలు క్షీరగ్రంథి గట్టిదనం సుమారు 170 పాస్కల్‌లు, కణితిది సుమారు 4000. మెత్తని జెల్ మీద బుద్ధిగా గుత్తులు కట్టే రొమ్ము కణాలు, రసాయనం మార్చకుండా జెల్‌ను గట్టిపరిస్తే చాలు, పెరగడం మొదలుపెట్టి కట్టుబాటు తప్పాయి. గట్టిదనం ఫలితంగానే ఆగిపోకుండా కారణంగా కూడా పనిచేస్తోంది.

2009లో అదే బృందం లైసిల్ ఆక్సిడేజ్‌ను ఈ కథలోకి తెచ్చింది. రొమ్ము క్యాన్సర్ వచ్చేలా పెంచిన చిట్టెలుకల్లో ఆ ఎంజైమును అడ్డుకుంటే కొల్లాజెన్ బంధాలు తగ్గాయి, అల్లిక గట్టిపడలేదు, కణితుల రాక ఆలస్యమైంది. అడ్డుకోవడానికి వాడిన వాటిలో స్వీట్ పీ గింజల నుంచి తెలిసిన ఆ పాత పదార్థమూ ఉంది. విస్కాన్సిన్‌లో పాట్రీషియా కీలీ బృందం కొల్లాజెన్ సులభంగా కరగని ఎలుకలను తీసుకుని, అల్లిక చిక్కబడితే కణితులు సుమారు మూడు రెట్లు ఎక్కువ వస్తాయని 2008లో చూపింది. కొల్లాజెన్ పోగులు కణితి అంచుకు నిటారుగా నిలబడ్డ చోట్ల క్యాన్సర్ కణాలు ఆ పోగుల వెంట బయటికి పాకడం కూడా వారే గుర్తించారు.

స్త్రీలలో దీనికి జతపడే సాక్ష్యం మామోగ్రామ్‌ల నుంచి వచ్చింది. ఎక్స్-రేలో రొమ్ము కొవ్వు నల్లగా, గ్రంథి, కొల్లాజెన్ భాగం తెల్లగా కనిపిస్తాయి. ఆ తెల్లటి భాగానికీ క్యాన్సర్ ముప్పుకూ సంబంధం ఉందని 1976లో జాన్ వుల్ఫ్ సూచించారు. టొరంటోకు చెందిన నార్మన్ బాయిడ్ బృందం 2007లో ప్రచురించిన లెక్కల ప్రకారం, రొమ్ములో 75 శాతానికి పైగా ఆ తెల్లటి భాగం, అంటే చిక్కదనం, ఉన్న స్త్రీలకు 10 శాతంలోపు ఉన్నవారితో పోలిస్తే ముప్పు 4.7 రెట్లు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. వయసు పెరిగేకొద్దీ గ్రంథి గుత్తులు కుంచించుకుపోయి, ఆ చోటును కొవ్వు నింపుతుంది. అంటే చిక్కదనం తగ్గుతుంది, క్యాన్సర్ మాత్రం పెరుగుతుంది. దీనికి చెప్పే జవాబుల్లో ఒకటి, ముప్పు ఏ నాటి చిక్కదనం మీదనో కాక జీవితకాలంలో పోగైన మొత్తం మీద ఆధారపడుతుందన్నది. రెండోది మాత్రిక పరిమాణాన్నీ నాణ్యతనూ విడిగా చూడాలన్నది. మామోగ్రామ్ కొల్లాజెన్ ఎంత ఉందో చెబుతుంది. ఉన్న కొల్లాజెన్ ఎంత ముదిరిందో, ఎన్ని బంధాలు పడ్డాయో చెప్పదు.

ముసలి కణాల పని

మాత్రికను నేసేదీ మరమ్మతు చేసేదీ ఫైబ్రోబ్లాస్ట్ కణాలు. మనిషి ఫైబ్రోబ్లాస్టులు గిన్నెలో పరిమిత సంఖ్యలో విభజన చెంది శాశ్వతంగా ఆగిపోతాయని 1961లో లెనర్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ చూపారు. ఇలా ఆగిన కణం చావదు. విభజన ఆపడం క్యాన్సర్‌కు అడ్డుకట్టే కాబట్టి అది మంచికేనని చాలాకాలం అనుకున్నారు. 2001లో జూడిత్ కాంపీసీ బృందం దీనికి రెండో వైపును చూపింది. ఇలా ఆగిపోయిన ముసలి ఫైబ్రోబ్లాస్టుల పక్కన పెట్టిన క్యాన్సర్, క్యాన్సర్ ముందుదశ కణాలు వేగంగా పెరిగాయి, ఎలుకల్లో కణితులయ్యాయి. మొత్తం ఫైబ్రోబ్లాస్టుల్లో పదో వంతు ముసలివైనా చాలు. మామూలు ఉపకళా కణాల మీద మాత్రం ఆ ప్రభావం కనిపించలేదు.

ముసలి కణాలు వాపు తెచ్చే సైటోకైన్లను, మాత్రికను తెగ్గొట్టే ఎంజైములను ఎడతెగకుండా వదులుతాయని 2008లో అదే బృందం వివరించింది. ఆ ఎంజైముల్లో ఒకటైన స్ట్రొమెలైసిన్-1ను ఎలుకల క్షీరగ్రంథిలో అదనంగా తయారయ్యేలా చేస్తే, వేరే కారణం ఏమీ లేకుండానే కొన్నాళ్లకు కణితులు వస్తాయని 1999లోనే తేలింది. అంటే వయసు మీరిన మాత్రికలో రెండు ఎదురెదురు పనులు ఏకకాలంలో జరుగుతాయి. పాత పోగులు బంధాలతో బిగుసుకుంటాయి. ఆధార త్వచం లాంటి కట్టుబాటు పొరలు అక్కడక్కడ తెగుతాయి.

ముసలి మాత్రికను విడిగా పరీక్షించడం

ఇన్ని సాక్ష్యాలున్నా ఒక సందేహం మిగిలింది. ముసలి ప్రాణిలో కణాలు, హార్మోన్లు, రోగనిరోధక శక్తి అన్నీ కలిసే ముదురుతాయి. అందులో మాత్రిక వాటా ఎంత? దాన్ని తేల్చాలంటే మాత్రికను మాత్రమే వేరుచేయాలి. అవయవాన్ని డిటర్జెంట్లతో కడిగి కణాలను తీసేసి, అల్లికను ఉన్నది ఉన్నట్టు మిగిల్చే పద్ధతి 1970ల నుంచీ ఉంది. 2008లో డోరిస్ టేలర్ బృందం ఎలుక గుండెను మొత్తంగా ఇలా కడిగి, తెల్లటి అల్లికగా మిగిల్చి, కొత్త కణాలు నింపి కొట్టుకునేలా చేశాక అది విరివిగా వాడుకలోకి వచ్చింది.

అమెరికాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పినార్ జోర్లుతునా బృందం ఈ పద్ధతిని రొమ్ముకు వర్తింపజేసి 2021లో ఫలితాలు ప్రచురించింది. చిన్న వయసు, ముసలి వయసు చిట్టెలుకల క్షీరగ్రంథులను కడిగి రెండు రకాల మాత్రికలు సిద్ధం చేశారు. రెంటి మీదా ఒకే కణాలు వేశారు. ఒకటి ఆరోగ్యవంతురాలు దానంగా ఇచ్చిన రొమ్ము కణజాలం నుంచి వచ్చిన కేటీబీ21 వంశం, రెండోది ఎండీఏ-ఎంబీ-231 క్యాన్సర్ వంశం. తేడా ఉన్నది మాత్రిక వయసులో మాత్రమే.

ముసలి మాత్రిక మీద మామూలు కణాల నడత మారింది. పక్క కణాన్ని పట్టుకుని ఉంచే ఈ-క్యాడ్‌హెరిన్ ప్రోటీన్ కణం అంచు నుంచి తప్పుకుంది. కణాలు ఎక్కువగా కదిలాయి, అల్లికలోకి చొచ్చుకుపోయాయి, వాపు సంకేతాలు ఎక్కువగా వదిలాయి, క్యాన్సర్‌కు సంబంధించిన జన్యువుల పని పెరిగింది. క్యాన్సర్ కణాల కదలిక, చొరబాటు కూడా పెరిగాయి. ఆ తర్వాత పరిశోధకులు లైసిల్ ఆక్సిడేజ్ పనిని తగ్గించారు. దాంతో ముసలి మాత్రిక మీద కూడా కణాలు చిన్న వయసు మాత్రిక మీద ఉన్నట్టే నడుచుకున్నాయి. ఈ-క్యాడ్‌హెరిన్ తిరిగి అంచుకు చేరింది. వెర్జార్ పోగులు, పిన్నెల్–మార్టిన్ ఎంజైము, బిసెల్ జెల్, వీవర్ కొలతలు ఈ ఒక్క ప్రయోగంలో కలిశాయి.

ఇతర క్యాన్సర్లలోనూ ఇలాంటి ఫలితాలొచ్చాయి. చర్మ క్యాన్సర్ అయిన మెలనోమా మీద పనిచేసే అషానీ వీరరత్న బృందం, వయసు మీరిన చర్మపు ఫైబ్రోబ్లాస్టులు మాత్రికను కలిపి ఉంచే హాప్లిన్-1 అనే ప్రోటీన్‌ను తక్కువగా తయారుచేస్తాయని 2019లో చూపింది. ఆ లోటు వల్ల కొల్లాజెన్ పోగులు వరుసగా సర్దుకుని, క్యాన్సర్ కణాలకు దారి ఇస్తాయి.

ఎదురు సాక్ష్యాలు, వైద్యం

వయసు ఎప్పుడూ ఒకే వైపు పనిచేస్తుందని చెప్పలేము. బోస్టన్‌లోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో అనా సోటో, కార్లోస్ సొన్నెన్‌షైన్ బృందం 2005లో క్యాన్సర్ కణాలను వేర్వేరు వయసుల ఎలుకల క్షీరగ్రంథి స్థలంలో నాటింది. ఎదుగుతున్న వయసు ఎలుకల్లో కణితులు ఎక్కువగా లేచాయి. ఎదిగి, పిల్లల్ని కన్న ఎలుకల్లో తక్కువ. కొలరాడోలో పెప్పర్ షెడిన్ బృందం చూపిందాని ప్రకారం, పాలివ్వడం ఆగాక గ్రంథి కుంచించుకునే రోజుల్లో తీసిన మాత్రిక క్యాన్సర్ కణాలను రెచ్చగొడుతుంది. అంటే మాత్రిక చరిత్రలో వయసుతో పాటు కాన్పులు, పాలివ్వడం కూడా ముద్ర వేస్తాయి. పెద్ద వయసు స్త్రీల కణితుల్లో హార్మోన్ గ్రాహకాలున్న, నెమ్మదిగా పెరిగే రకాలు ఎక్కువ కావడం కూడా గుర్తుంచుకోవాలి. భారతదేశంలో రొమ్ము క్యాన్సర్ బారినపడే స్త్రీల సగటు వయసు పాశ్చాత్య దేశాల కన్నా తక్కువ. వారి విషయంలో ముదిరిన మాత్రిక ఒక్కటే వివరణ కాలేదు.

కణం వైపు నుంచి కూడా మార్పు ఉంటుంది. 2014లో మార్క్ లాబార్జ్ బృందం వేర్వేరు వయసుల స్త్రీల రొమ్ము కణాలను వేర్వేరు గట్టిదనాల తలాల మీద పెంచి, పెద్దవారిలో కొత్త కణాలను పుట్టించే ప్రజనక కణాలు గట్టిదనంలో తేడాను సరిగా పసిగట్టలేకపోతున్నాయని కనుగొంది. మాత్రిక మాట మారుతుంది, వినే కణం చెవీ మారుతుంది.

ఈ జ్ఞానం ఇంకా నేరుగా మందుగా మారలేదు. స్వీట్ పీ పదార్థం మనుషులకు వాడలేనంత విషం. లైసిల్ ఆక్సిడేజ్ కుటుంబంలోని ఒక ఎంజైమును అడ్డుకునే సిమ్‌టుజుమాబ్ అనే యాంటీబాడీ క్లోమ క్యాన్సర్ పరీక్షల్లో మేలు చూపలేదు. చక్కెర బంధాలను తెంచుతుందని ఆశపడ్డ అలాజిబ్రియం అనే మందు పరీక్షలూ మధ్యలోనే ఆగాయి. ఉపయోగంలోకి వచ్చినవి ఎక్కువగా రోగనిర్ధారణ వైపు ఉన్నాయి. అల్ట్రాసౌండ్ ఎలాస్టోగ్రఫీ రొమ్ములోని గడ్డ గట్టిదనాన్ని కొలిచి, అది ప్రమాదకరమా కాదా తేల్చడంలో సాయపడుతోంది. నివారణకు టామాక్సిఫెన్ అనే మందు వాడిన స్త్రీలలో మామోగ్రామ్ చిక్కదనం కనీసం 10 శాతం తగ్గినవారికే ముప్పు బాగా తగ్గిందని బ్రిటన్ నేతృత్వంలో సాగిన ఐబిస్-1 అధ్యయనం 2011లో తెలిపింది.

పరిశోధన పద్ధతిలో మాత్రం మార్పు స్థిరపడింది. ఒకప్పుడు కణవంశం పేరు, మందు మోతాదు చెబితే ప్రయోగ వివరణ పూర్తయ్యేది. ఇప్పుడు ఆ కణాలు దేని మీద పెరిగాయి, అది ఎంత గట్టిది, ఏ వయసు ప్రాణి నుంచి వచ్చింది అన్నవి కూడా చెప్పాల్సిన వివరాల్లో చేరుతున్నాయి. చిన్న వయసు ఎలుకల్లో పనిచేసిన మందు పెద్ద వయసు రోగికి ఎందుకు పనిచేయలేదో తెలుసుకోవాలంటే ఆ వివరాలు తప్పనిసరి. రొమ్ము క్యాన్సర్ రోగుల్లో యాభై దాటినవారు ఎందరో ఉండగా, చాలా ప్రయోగాలు ఇంకా లేత వయసు చిట్టెలుకల మీదనే జరుగుతున్నాయి. ఆ ఖాళీని పూడ్చడమే ఈ రంగం ముందున్న మొదటి పని.